తెరపై తెలుగు హాయిగా చదవాలంటే: సైజు పెంచాలా, ఫాంటు మార్చాలా, మానిటర్ కొనాలా?

కంప్యూటర్లో తెలుగు చదువుతుంటే కళ్ళు లాగుతున్నాయని అంటే చాలు, చుట్టుపక్కలవాళ్ళు ఇచ్చే సలహాలు దాదాపు ఒకేలా ఉంటాయి: డార్క్ మోడ్ పెట్టు, బ్లూ లైట్ ఆపే కళ్ళజోడు కొను, పెద్ద మానిటర్ తెచ్చుకో. మొదట చేయాల్సింది ఈ మూడింటిలో ఏదీ కాదు. తెలుగు లిపికి తెర మీద ముందు కావాల్సింది ఒక్కో అక్షరానికి తగినన్ని చుక్కలు, అంటే పిక్సెళ్ళు. అవి పైసా ఖర్చు లేకుండా ఎంతవరకు దొరుకుతాయో చూసుకుని, చాలకపోతేనే డబ్బు బయటకు తీయాలి.

ముందు మీ తెరను పరీక్షించండి

మీరు రోజూ కూర్చునే దూరంలోనే కూర్చుని, ముందుకు వంగకుండా ఈ రెండు మాటలు చూడండి: అర్థం, అర్ధం. మొదటిది భావం, రెండోది సగం. రెండింటికీ తేడా కింది ఒత్తు లోపలి చిన్న చుక్క ఒక్కటే. ఆ చుక్క ఉందో లేదో చూడగానే తెలిస్తే మీ తెర, సైజు, ఫాంటు మూడూ బాగున్నట్టే. వాక్యాన్ని బట్టి ఊహించుకుని చదువుతున్నారంటే కళ్ళు చేయాల్సిన పని మెదడు చేస్తోందన్నమాట. పేజీలకు పేజీలు చదివేటప్పుడు అలసట వచ్చేది అక్కడే. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే ఇవి: ద ధ థ, డ ఢ, ప వ ష, మ య, బ భ, చ ఛ, రాష్ట్రం, స్వాతంత్ర్యం, లక్ష్మి, విద్యుద్దీపం.

దీని వెనక లెక్క తెలిస్తే మిగతా ఎంపికలన్నీ తేలికవుతాయి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ (1920×1080 చుక్కల) మానిటర్లో అంగుళానికి సుమారు 92 చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్క 0.28 మిల్లీమీటర్లు. తెర మీద ‘క’ 3 మిల్లీమీటర్ల ఎత్తుంటే దానికి దక్కేవి 11 చుక్కలు. దాని కింద చేరే ఒత్తు అందులో సగం ఉంటుంది కాబట్టి దానికి ఐదో ఆరో. థ ఒత్తు గీయడానికి ఎన్ని కావాలి? పైగీతకు ఒకటి, ఖాళీకి ఒకటి, లోపలి చుక్కకు ఒకటి, మళ్ళీ ఖాళీకి ఒకటి, కింది గీతకు ఒకటి. మొత్తం ఐదు. అంటే మామూలు మానిటర్లో మనం సరిగ్గా అంచు మీద ఉన్నాం. సైజు కాస్త తగ్గి ఒత్తుకు నాలుగు చుక్కలే మిగిలితే లోపలి ఖాళీ పూడిపోతుంది, థ కాస్తా ధ అవుతుంది, లేదా నల్లటి మచ్చ అవుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు కింద ఒత్తులు లేవు కాబట్టి అదే సైజులో అవి శుభ్రంగా కనబడతాయి. వెబ్‌సైట్లు ఇంగ్లీషును చూసుకుని పెట్టిన 14 పిక్సెళ్ళ సైజు తెలుగుకు చాలకపోవడానికి కారణం ఇదే.

సైజు పెంచే దారులు: ఏది మేలు, ఏది కీడు

ఇళ్ళల్లో, చిన్న ఆఫీసుల్లో ఎక్కువగా కనబడేది రిజల్యూషన్ తగ్గించడం. 1920×1080 తెరను 1366×768కో 1280×720కో దించితే అక్షరాలు పెద్దవవుతాయి, నిజమే. కానీ తెరలో భౌతికంగా ఉన్న చుక్కలు మారవు. కంప్యూటర్ పంపిన 1366 చుక్కలను 1920 చుక్కల మీద సాగదీసి పరచాలి, ఒక్కో గీత రెండు చుక్కల మధ్య పడి బూడిదరంగుగా పరుచుకుంటుంది. పెద్దగా, మసకగా కనబడుతుంది. ఈ దారిలో ఉన్నవాళ్ళు ముందు వెనక్కి రండి: విండోస్‌లో సెట్టింగ్స్ → సిస్టమ్ → డిస్‌ప్లేలో రిజల్యూషన్ పక్కన ‘రికమెండెడ్’ అని ఉన్నదాన్నే ఎంచుకోండి.

చేయాల్సింది ఆ పేజీలోనే కాస్త పైన ఉంటుంది: స్కేల్. 100 శాతం నుంచి 125కి మారిస్తే విండోస్ అక్షరాన్ని సాగదీయదు, ఎక్కువ చుక్కలతో కొత్తగా గీస్తుంది. అందుకే పెద్దదవుతూనే స్పష్టంగా ఉంటుంది. 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్‌లో 125 కనీసం, నలభై దాటినవాళ్ళకు 150 మేలు. 24 అంగుళాల మానిటర్లో 125 చాలామందికి సరిపోతుంది. దీనికి మూల్యం పని చేసుకునే జాగా: 1920×1080 తెర 125 శాతంలో 1536×864 తెరలా, 150 శాతంలో 1280×720 తెరలా ప్రవర్తిస్తుంది. ఎక్సెల్ షీట్లు, టాలీ చూసేవాళ్ళకు 150 ఇరుకనిపిస్తుంది. మార్చాక ఒకసారి సైనవుట్ చేసి మళ్ళీ లోపలికి రండి. అప్పటికే తెరిచి ఉన్న కొన్ని ప్రోగ్రాములు అప్పటిదాకా మసకగానే ఉంటాయి. కస్టమ్ స్కేలింగ్ అని 110, 115 లాంటి అంకెలు ఇచ్చే చోటు కూడా ఉంది. తప్పనిసరైతే తప్ప దాని జోలికి వెళ్ళకండి, పాత ప్రోగ్రాములు చాలా వాటికి అది పడదు.

విండోస్ 11లో సెట్టింగ్స్ → యాక్సెసిబిలిటీ → టెక్స్ట్ సైజ్ అని ఇంకొకటి ఉంది, 225 శాతం దాకా జరపవచ్చు. ఇది బొమ్మలను, కిటికీలను కాకుండా ప్రధానంగా మెనూల, శీర్షికల అక్షరాలను పెంచుతుంది. కొన్ని ప్రోగ్రాములు దీని మాట వింటాయి, కొన్ని వినవు. స్కేల్‌కు అదనంగా వాడుకోవాల్సిందే గానీ దానికి బదులు కాదు.

ఇక బ్రౌజర్ జూమ్: కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కితే పెద్దది, మైనస్ నొక్కితే చిన్నది, సున్నా నొక్కితే మొదటికి. క్రోమ్, ఎడ్జ్ ఒక్కో సైటుకు పెట్టిన జూమ్‌ను గుర్తుంచుకుంటాయి కాబట్టి మీరు రోజూ చదివే తెలుగు పత్రిక సైటుకు 130 పెట్టి, ఇంగ్లీషు సైట్లను వాటి మానాన వదిలేయవచ్చు. స్కేల్ 125, దాని మీద తెలుగు సైట్లకు జూమ్ 120 లేదా 130: మామూలు తెర ఉన్న చాలామందికి మా మొదటి సలహా ఇదే.

సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి స్కూలు పిల్లల స్కేలు చాలు. తెర మీద ఆనించి ‘క’ ఎత్తు కొలవండి, ఒత్తులూ గుడులూ వదిలేసి. 60 సెంటీమీటర్ల దూరం నుంచి చదివేవాళ్ళకు 3 మిల్లీమీటర్లు ఉండాలి. 2.5 కంటే తక్కువ ఉంటే ఫాంటు ఎంత మంచిదైనా లాభం లేదు.

చూపు బాగా తగ్గినవాళ్ళకు విండోస్ మ్యాగ్నిఫయర్ ఉంది: విండోస్ బటన్‌తో ప్లస్ నొక్కితే తెరుచుకుంటుంది, విండోస్ బటన్‌తో ఎస్కేప్ నొక్కితే మూసుకుంటుంది. పేజీలకు పేజీలు చదవడానికి అది కష్టం. ఒక వరుస పూర్తి కావాలంటే తెరను పక్కకు లాగుతూ ఉండాలి.

పెద్దగా ఉన్నా మసకగా ఉంటే

సైజు చాలినా అంచులు తేలిపోతున్నట్టుంటే కారణం వేరే చోట ఉంటుంది. ముందు కేబుల్ చూడండి. నీలిరంగు ప్లగ్గు, రెండువైపులా స్క్రూలు ఉంటే అది వీజీఏ. సంకేతం అనలాగ్‌గా వెళ్తుంది, చుక్క కచ్చితంగా చుక్క మీద పడదు. మానిటర్ బటన్లలో ‘ఆటో అడ్జస్ట్’ నొక్కితే కొంత మెరుగవుతుంది. హెచ్‌డీఎంఐ గానీ డిస్‌ప్లే పోర్ట్ గానీ ఉంటే అటు మారడమే పరిష్కారం.

టీవీనే మానిటర్‌గా వాడేవాళ్ళకు రెండు చిక్కులు ఉంటాయి. ఒకటి, బొమ్మను అంచుల బయటకు సాగదీసే ఓవర్‌స్కాన్. టీవీ మెనూలో ‘జస్ట్ స్కాన్’ లేదా ‘స్క్రీన్ ఫిట్’ అనేది పెడితే పోతుంది. రెండోది, సినిమాల కోసం రంగు సమాచారాన్ని తగ్గించి చూపించడం. దీనివల్ల నలుపు మీద ఎరుపు, నీలం మీద తెలుపు లాంటి రంగు అక్షరాలు చెరిగినట్టు కనబడతాయి. ఇన్‌పుట్ పేరును ‘పీసీ’ అని మార్చితే చాలా టీవీల్లో ఇది సర్దుకుంటుంది. షార్ప్‌నెస్ కూడా తగ్గించి చూడండి. అది ఎక్కువైతే అక్షరాల చుట్టూ తెల్లటి నీడ వస్తుంది, ఒత్తుల మధ్య సందులు అందులో కలిసిపోతాయి.

కేబుల్ సరిగ్గా ఉన్నాక చూడాల్సింది క్లియర్‌టైప్, అంటే అక్షరాల అంచులను నునుపు చేసే విండోస్ పద్ధతి. స్టార్ట్ మెనూలో ఆ పేరు కొడితే ‘అడ్జస్ట్ క్లియర్‌టైప్ టెక్స్ట్’ వస్తుంది. టిక్ పెట్టి ముందుకు వెళ్తే వరుసగా నమూనాలు చూపిస్తుంది, బాగా కనబడినదాన్ని ఎంచుకుంటూ పోవాలి. నమూనాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. వాటిలో మరీ సన్నగా ఉన్నవాటిని కాకుండా ఒక పిసరు నల్లగా ఉన్నవాటిని ఎంచుకుంటే తెలుగు గీతలు నిలుస్తాయి. క్లియర్‌టైప్ ఒక్కో చుక్కలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలు పక్కపక్కన అడ్డంగా ఉన్నాయనుకుని పని చేస్తుంది. మానిటర్‌ను నిలువుగా తిప్పినా, ఆ అమరిక లేని ఓఎల్ఈడీ తెర అయినా అక్షరాల అంచులకు రంగులు అంటుకున్నట్టు కనబడవచ్చు. అలాంటప్పుడు దాన్ని ఆపి చూడటం మంచిది.

ఒక్క ప్రోగ్రామే మసకగా ఉంటే దాని ఐకాన్ మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్ → కంపాటిబిలిటీ → చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్. అక్కడ ‘ఓవర్‌రైడ్’ దగ్గర టిక్ పెట్టి ‘సిస్టమ్ (ఎన్‌హాన్స్‌డ్)’ ఎంచుకోండి. పాత డీటీపీ ప్రోగ్రాములకు, కొన్ని అకౌంట్స్ ప్యాకేజీలకు ఇది పని చేస్తుంది.

మ్యాక్ వాడేవాళ్ళకు వేరే సంగతి. 2018లో వచ్చిన మొజావే నుంచి మ్యాక్‌ఓఎస్ చుక్క లోపలి రంగు ముక్కలతో అంచులు నునుపు చేసే పద్ధతిని వదిలేసింది. చుక్కలు దట్టంగా ఉండే యాపిల్ రెటీనా తెరల మీద తేడా తెలియదు. అదే మ్యాక్‌ను ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కు తగిలిస్తే తెలుగు పాలిపోయినట్టు కనబడుతుంది, సెట్టింగులతో పూర్తిగా బాగుపడదు. మ్యాక్‌కు బయటి మానిటర్ కొనేవాళ్ళు 4కే (3840×2160 చుక్కలు) కంటే తక్కువ చూడవద్దు.

ఫాంటు ఎంపిక

చదవడానికి మంచి తెలుగు ఫాంటును నాలుగు గుణాలు చూసి పట్టుకోవచ్చు: గీత మందం అంతటా ఒకేలా ఉండాలి, అక్షరాల లోపలి ఖాళీలు విశాలంగా ఉండాలి, ఒత్తులు మరీ కుంచించుకుపోకూడదు, నిజమైన బోల్డ్ విడిగా ఉండాలి. చివరిదాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ అది ముఖ్యం. ఒక్క మందంతోనే వచ్చిన ఫాంటుకు బోల్డ్ పెడితే ప్రోగ్రామే గీతలను పక్కకు పులిమి లావు చేస్తుంది. ఇంగ్లీషులో అది వికారంగా ఉంటుంది, అంతే. తెలుగులో థ లోపలి చుక్క, భ మడతలు పూడిపోతాయి.

విండోస్ 8 నుంచి సిస్టమ్‌తోనే వచ్చే నిర్మలా యూఐ ఈ లెక్కన చాలా మంచి ఫాంటు. గీత సమంగా ఉంటుంది, నిజమైన బోల్డ్ ఉంది. దాని సెమీలైట్ రూపం మాత్రం మామూలు మానిటర్లకు పనికిరాదు, సన్నగీతలు బూడిదరంగులోకి జారిపోతాయి. ఎక్స్‌పీ కాలం నుంచి ఉన్న గౌతమి గీత సన్నం. పాత ఫైళ్ళు తెరిస్తే అదే వస్తుంది. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి రెండూ ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ అనే ఐచ్ఛిక భాగంలోకి వెళ్ళాయి. పాత పత్రం తెరిచినప్పుడు వరుసలు కదిలిపోతే ఆ భాగం వేసుకోండి, లేదా మొత్తం ఎంచుకుని నిర్మలాకు మార్చేయండి. రెండోదే మేలు.

నోటో సాన్స్ తెలుగు ఉచితం. దాని బలం మందాల్లో ఉంది: సన్నటి 100 నుంచి 900 దాకా. అంగుళానికి 100 చుక్కల లోపు ఉన్న తెర మీద రెగ్యులర్ కంటే మీడియం బాగా నిలుస్తుంది. 150 దాటిన తెర మీద రెగ్యులరే హాయి. దీని వరుసల ఎడం ఎక్కువ. పేజీలో తక్కువ వరుసలు పడతాయని కొందరు వద్దంటారు, కానీ పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను గుద్దుకోకుండా కాపాడేది ఆ ఎడమే. ఐదు మందాలున్న హింద్ గుంటూరు పక్కపక్కనే ఇంగ్లీషు, తెలుగు కలిసి వచ్చే పత్రాలకు బాగుంటుంది. అనేక్ తెలుగులో మందంతో పాటు వెడల్పు కూడా మార్చుకోవచ్చు. కాస్త వెడల్పు రూపం ఎంచుకుంటే లోపలి ఖాళీలు తెరుచుకుంటాయి, చిన్న సైజుల్లో ఇది బాగా కలిసొస్తుంది.

అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర ద్వారా వచ్చిన ఫాంట్లలో పాఠం చదవడానికి మండలి, మల్లన్న పనికొస్తాయి. రెండిటికీ ఒక్క మందమే కాబట్టి బోల్డ్ జోలికి పోవద్దు. రామభద్ర శీర్షికలకు బలంగా ఉంటుంది, పేరాలకు పెడితే ఒత్తులు ముద్దవుతాయి. సూరన్న, నోటో సెరిఫ్ తెలుగు, టిరో తెలుగు లాంటి లావు–సన్నం గీతల ఫాంట్లు కాగితం మీద ఎంతో అందం. తెర మీద అయితే 4కే మానిటరో, కొత్త ల్యాప్‌టాపో ఉన్నప్పుడే వాటి సన్నగీత బతుకుతుంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా పనిచేసే అక్షరాల కోడ్) తెలుగు తొలినాళ్ళలో ఎంతమందికో ఆసరా. రెండింటిలో తెర మీద చదవడానికి సమగీత ఉన్న వేమన మేలు.

వేసుకోవడం సులువే: దించుకున్న ఫాంటు ఫైలు మీద కుడి క్లిక్ చేసి ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ అనాలి. ‘ఇన్‌స్టాల్’ అని ఊరుకుంటే కొన్ని ప్రోగ్రాములకు అది కనబడదు. ఇటాలిక్ మాత్రం ఎక్కడా పెట్టకండి. పైన చెప్పిన తెలుగు ఫాంట్లలో చాలావాటికి ఏటవాలు రూపమే లేదు. ప్రోగ్రామ్ నిలువు అక్షరాన్ని వంచి చూపిస్తుంది, ఒత్తు తన అక్షరం కింది నుంచి పక్కకు జరిగినట్టవుతుంది.

ఫైర్‌ఫాక్సా, క్రోమా, ఎడ్జా

తెలుగు చదవడం ఒక్కటే కొలత అయితే ఫైర్‌ఫాక్స్‌కు ఓటు. సెట్టింగ్స్‌లో ఫాంట్స్ దగ్గర ‘అడ్వాన్స్‌డ్’ నొక్కితే ఏ లిపికి ఆ లిపి విడిగా సెట్ చేసుకునే పెట్టె వస్తుంది. పై వరుసలో ‘తెలుగు’ ఎంచుకుని ఫాంటు నోటో సాన్స్ తెలుగు, సైజు 20, కనీస సైజు 18 పెట్టండి. ఇంగ్లీషు సైట్ల అమరిక చెదరకుండా తెలుగు ఒక్కటే పెరుగుతుంది. ఒక మెలిక ఉంది: పేజీ తన భాష తెలుగని లోపల చెప్పుకోవాలి. చాలా తెలుగు సైట్లు అలవాటుగా ఇంగ్లీషు అని రాసి వదిలేస్తాయి, అప్పుడు తెలుగుకు పెట్టిన కనీస సైజు వాటికి పట్టదు. అందుకని ‘లాటిన్’, ‘అదర్ రైటింగ్ సిస్టమ్స్’ అనే రెండు చోట్ల కూడా కనీస సైజు 16 పెట్టడం మంచిది. ఆ పెట్టెలోనే ‘పేజీలు తమ ఫాంట్లు ఎంచుకోవచ్చు’ అనే అర్థం వచ్చే టిక్ ఉంటుంది. అది తీసేస్తే అన్ని సైట్లూ మీ ఫాంటులోనే వస్తాయి, కానీ బొమ్మల గుర్తులను ఫాంటుతో గీసే సైట్లలో గుర్తుల చోట ఖాళీ డబ్బాలు కనబడతాయి. సైటు మరీ చదవలేనట్టు ఉంటేనే తీయండి.

క్రోమ్‌లో సెట్టింగ్స్ → అప్పియరెన్స్ → కస్టమైజ్ ఫాంట్స్. కనీస సైజు 24 దాకా జరపవచ్చు గానీ అన్ని భాషలకూ కలిపి ఒకటే. 18 దాటితే బటన్లలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కడం మొదలవుతుంది. అక్కడ ఎంచుకున్న ఫాంటు కూడా సైటు తన ఫాంటు చెప్పని చోటే పని చేస్తుంది. ఆఫీసులో క్రోమ్ తప్పనిసరి అయితే కనీస సైజు 16, తెలుగు సైట్లకు జూమ్: అంతవరకు చాలు.

ఎడ్జ్‌కు ఎఫ్9 నొక్కితే వచ్చే ఇమ్మర్సివ్ రీడర్ బలం. ప్రకటనలు, పక్క పెట్టెలు పోయి వ్యాసం ఒక్కటే మిగులుతుంది. ఫైర్‌ఫాక్స్‌లోనూ విండోస్ మీద ఎఫ్9 రీడర్ వ్యూ తెరుస్తుంది, అందులో వరుసల ఎడం, వెడల్పు మార్చుకోవచ్చు. తెలుగుకు వరుసల ఎడం ఫాంటు సైజుకు ఒకటిన్నర రెట్లు కనీసం, 1.7 ఉంటే ఇంకా మంచిది. వరుసకు ఎనిమిది పది మాటలు చాలు. సంధులతో, ప్రత్యయాలతో పెరిగిన మన మాటలు పొడుగు కాబట్టి తెరంత వెడల్పు వరుస చదివాక తర్వాతి వరుస మొదలు వెతుక్కోవాల్సి వస్తుంది. రీడర్లో ఇచ్చే ఫాంట్ల జాబితా చాలావరకు ఇంగ్లీషుకే. ఏది నొక్కినా తెలుగు మారకపోతే కంగారుపడకండి. ఎడ్జ్‌లో కంట్రోల్, షిఫ్ట్, యూ కలిపి నొక్కితే చదివి వినిపిస్తుంది. తెలుగుకు మోహన్, శ్రుతి అనే రెండు గొంతులు ఉన్నాయి. పెద్ద వ్యాసాలకు కళ్ళకు విశ్రాంతి ఇచ్చే మంచి దారి ఇది.

వర్డ్, పీడీఎఫ్, ఈ–పేపర్

వర్డ్‌లో సైజు మారిస్తే ఇంగ్లీషు మారి తెలుగు అలాగే ఉండిపోతోందా? వర్డ్ తెలుగును ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్’ కింద లెక్కేస్తుంది. కంట్రోల్, డీ నొక్కి ఫాంట్ పెట్టె తెరిస్తే కింద దానికి వేరే ఫాంటు, వేరే సైజు కనబడతాయి, అక్కడ మార్చాలి. లిబ్రాఫీస్‌లో అయితే టూల్స్ → ఆప్షన్స్‌లో రైటర్ కింద ‘బేసిక్ ఫాంట్స్ (సీటీఎల్)’. చదవడానికైతే రెండువైపులా సమానం చేసే జస్టిఫై తీసేసి ఎడమకు సర్దండి. మాటలు విరవకుండా సమానం చేస్తే మధ్యలో పెద్ద ఖాళీలు పడతాయి.

పీడీఎఫ్ రెండు రకాలు. జూమ్ 400 పెట్టి చూడండి: అంచులు నునుపుగానే ఉంటే అది అక్షరాలతో చేసినది, ఎంత పెంచినా మసకబారదు. గళ్ళు గళ్ళుగా విరిగితే స్కాన్ చేసిన బొమ్మ, దాని స్పష్టత స్కాన్ చేసిన రోజునే తేలిపోయింది. చాలా ఈ–పేపర్లు బొమ్మలే. అదే వార్త సైట్లో అక్షరాలుగా ఉంటే అక్కడ చదవడం మంచిది. అను లాంటి పాత డీటీపీ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లు జూమ్‌కు బాగానే నిలుస్తాయి గానీ వాటి లోపలి కోడ్ యూనికోడ్ కాదు. కాపీ చేసినా, చదివి వినిపించమన్నా అర్థం లేని అక్షరాలే వస్తాయి.

మానిటర్ కొనాలంటే

అంగుళాలు చూసి కొనవద్దు, అంగుళానికి ఎన్ని చుక్కలో చూడండి. ఫుల్ హెచ్‌డీ మానిటర్లు ఎంత పెద్దవైతే అంత పలచబడతాయి: 21.5 అంగుళాలకు 102, 24కు 92, 27కు 82, 32కు 69. 1366×768 ఉన్న 32 అంగుళాల టీవీకి 49 మాత్రమే. 27 అంగుళాల క్యూహెచ్‌డీ, అంటే 2560×1440 అయితే 109. 4కేలో 32 అంగుళాలకు 138, 27కు 163, 24కు 184.

తెలుగు ఎక్కువగా చదివేవాళ్ళు, ప్రూఫులు దిద్దేవాళ్ళు 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మాత్రం కొనకండి. దుకాణంలో 24 పక్కన పెడితే పెద్దగా, చవకగా కనబడుతుంది. ఇంటికొచ్చాక ఒత్తులు గళ్ళుగా విరుగుతాయి. డబ్బు తక్కువైతే 24 ఫుల్ హెచ్‌డీ తీసుకుని స్కేల్ 125 పెట్టుకోండి. వీలైతే 27 అంగుళాల 4కే. దానికి స్కేల్ 200 పెడితే అక్షరాలు 27 ఫుల్ హెచ్‌డీలో ఉన్నంత పెద్దగానే ఉంటాయి, కానీ ఒక్కో అక్షరానికి నాలుగు రెట్లు చుక్కలు. అర్థం, అర్ధం తేడా తడుముకోకుండా తెలిసే తెర అది. కొనేముందు మీ కంప్యూటర్ పోర్టు చూసుకోండి: హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కే సెకనుకు 30 ఫ్రేములే ఇస్తుంది, పేజీ జరిపితే తడబడుతుంది. హెచ్‌డీఎంఐ 2.0 గానీ డిస్‌ప్లే పోర్ట్ 1.2 గానీ ఉంటే 60 వస్తుంది. ప్యానెల్ ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగు మారని రకం), పైపూత మెరవనిది తీసుకోండి. కిటికీ ఎదురుగా కూర్చునేవాళ్ళకు రెండోది మరీ ముఖ్యం.

డార్క్ మోడ్, వెలుగు, కళ్ళజోడు

పగటిపూట, దీపాలు వేసిన గదిలో తెల్ల నేపథ్యం మీద నల్ల అక్షరమే మేలు. వెలుగు ఎక్కువగా ఉంటే కంటిపాప చిన్నదై బొమ్మ పదునుగా పడుతుంది. నలుపు మీద తెలుపు పెడితే పాప విచ్చుకుంటుంది, తెల్లగీత చుట్టూ వెలుగు పరుచుకుని లావుగా కనబడుతుంది. సిలిండర్ పవర్ ఉన్నవాళ్ళకు ఇది ఇంకా ఎక్కువ. గుండ్రటి తెలుగు అక్షరాల లోపలి ఖాళీలను మూసేది ఆ పరుచుకునే వెలుగే. చీకటి గదిలో చదివేవాళ్ళకు, శుక్లాల వల్ల తెల్లతెర కళ్ళలో కొట్టేవాళ్ళకు డార్క్ మోడ్ నిజంగా హాయి. వాళ్ళు పచ్చి తెలుపు కాకుండా లేత బూడిదరంగు అక్షరాలు, ఒక మెట్టు సన్నటి ఫాంటు ఎంచుకుంటే వెలుగు పరుచుకోవడం తగ్గుతుంది.

తెర వెలుగు ఎంతుండాలో తెలియడానికి తెల్లకాగితం తెర పక్కన పట్టుకోండి. తెర దీపంలా వెలుగుతుంటే తగ్గించాలి, కాగితం కంటే మురికిగా కనబడితే పెంచాలి. నైట్ లైట్ సాయంత్రాలు తెరను పసుపు చేస్తుంది, అక్షరాన్ని మాత్రం స్పష్టం చేయదు. బ్లూ లైట్ అద్దాల మీద డబ్బు పెట్టనక్కర్లేదు. కంప్యూటర్ పనికి వాటిని అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆప్తాల్మాలజీ సిఫార్సు చేయడం లేదు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2023 సమీక్ష కూడా మామూలు అద్దాలతో పోలిస్తే అవి కంటి అలసటను తగ్గిస్తున్నట్టు చూపలేదు.

ఆ డబ్బు నలభై దాటినవాళ్ళు సరైన పవర్ మీద పెట్టాలి. చత్వారం అద్దాలు సాధారణంగా 40 సెంటీమీటర్ల దూరానికి, అంటే పుస్తకానికి రాస్తారు. అంత దగ్గరకు కన్ను 2.5 డయాప్టర్ల (అద్దాల పవర్‌ను కొలిచే ప్రమాణం) సర్దుబాటు చేసుకోవాలి. తెర ఉండే 65 సెంటీమీటర్లకు దాదాపు 1.5 చాలు. ఆ ఒక్క డయాప్టర్ తేడా వల్లే పుస్తకం అద్దాలతో తెర మసకగా ఉండి మనిషి ముందుకు వంగుతాడు. బైఫోకల్ అయితే కింది గాజులోంచి చూడటానికి గడ్డం పైకెత్తి మెడ నొప్పి తెచ్చుకుంటాడు. కళ్ళ పరీక్షకు వెళ్ళేముందు మీ కుర్చీలో మామూలుగా కూర్చుని కంటి నుంచి తెర దాకా టేపుతో కొలిపించుకోండి. ఆ అంకెను చీటీ మీద రాసుకెళ్ళి డాక్టరుకు చూపించి, ఆ దూరానికి విడిగా ఒక జత రాయమని అడగండి.